మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్: బంటింగ్ పిల్లలు ఎంచుకోదగిన దారేనా?

మాధ్యమిక విద్య ముగింపు పరీక్ష అయిన ఎస్.పి.ఎం. ఫలితాలు వెలువడగానే బంటింగ్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. పిల్లకు ఇంగ్లీషు బాగా వచ్చు, సైన్సు ఫరవాలేదు. కానీ డాక్టరు చదువుకు గ్రేడ్లూ చాలవు, ఇంట్లో డబ్బూ చాలదు. అయినా ఆసుపత్రి రంగంలోనే ఉండాలన్న కోరిక పోదు. సరిగ్గా అప్పుడే ఫోనులో ఒక ప్రకటన కనిపిస్తుంది: ఇంట్లో కూర్చునే వైద్యరంగంలో పని, కొన్ని నెలల కోర్సు, చేతినిండా సంపాదన. హైదరాబాదులోని చుట్టాలను అడిగితే, "మా పక్కింటబ్బాయి అదే చేసి స్థిరపడ్డాడు" అంటారు. ఆ అబ్బాయి కోర్సు చేసింది ఇరవై ఏళ్ల కిందట అన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు.

ఆ పని పేరే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. డాక్టరు నోటితో చెప్పి రికార్డు చేసిన మాటలను విని, తప్పు లేకుండా రోగి రిపోర్టుగా టైపు చేయడం. దీన్ని నమ్ముకుని డబ్బు కట్టవచ్చా, కాలం పెట్టవచ్చా అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

బంటింగ్ సెలాంగర్ రాష్ట్రంలో, కువాలా లంగాట్ జిల్లాలో, లంగాట్ నది దగ్గర ఉన్న పట్నం. ఒకవైపు కేరీ దీవి ఆయిల్ పామ్ తోటలు, ఇంకోవైపు 1998లో తెరిచిన కౌలాలంపూర్ అంతర్జాతీయ విమానాశ్రయం. సిడెక్ సోదరుల బ్యాడ్మింటన్ ఈ ఊరి పేరును ప్రపంచానికి చెప్పింది. ఊళ్లో సర్కారు ఆసుపత్రి ఉంది, కొలెజ్ మారా అనే కాలేజీ ఉంది. కంప్యూటర్ కంపెనీల కోసం కట్టిన సైబర్‌జయా కారులో గంటలోపు ప్రయాణం. తోట పనికి వచ్చిన తాతల మనవలు కంప్యూటర్ ముందు కూర్చునే పని వెతుక్కోవడంలో వింతేమీ లేదు. తెలుగునాటితో ఈ దేశపు తెలుగువారి బంధం తెగిపోయింది కూడా కాదు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పుట్టింది, 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. కాబట్టి హైదరాబాదులో ఏ ఉద్యోగానికి గిరాకీ ఉందో ఇక్కడికి త్వరగానే తెలుస్తుంది. ఆ గిరాకీ ఎప్పుడు పడిపోయిందో మాత్రం ఆలస్యంగా తెలుస్తుంది.

ముందు పని ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. చెవులకు హెడ్‌ఫోను, కాలి కింద పెడల్. పెడల్ నొక్కితే డాక్టరు గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, ఇంకోవైపు నొక్కితే వెనక్కి వెళుతుంది. చేతులు కీబోర్డు మీంచి కదలవు. డాక్టరు అప్పటికే అలసిపోయి ఉంటాడు. నడుస్తూ మాట్లాడతాడు, ఒక్కోసారి ఏదో నములుతూ మాట్లాడతాడు. వెనకాల మానిటర్ల మోత, ఎవరినో పిలుస్తున్న నర్సు గొంతు. వాక్యం మధ్యలో "కాదు కాదు, కుడి కాదు, ఎడమ మోకాలు" అంటాడు. టైపు చేస్తున్నవారు పైకి వెళ్లి కుడిని ఎడమ చేయాలి. అక్కడితో అయిపోదు. రెండు పేరాల కింద ఆపరేషన్ వివరాల్లో మళ్లీ కుడి మోకాలే వస్తే, ఏదో పొరపాటు జరిగిందని పసిగట్టి డాక్టరుకు తెలిసేలా గుర్తు పెట్టాలి. ఒక నిమిషం మాటను శుభ్రంగా రాయడానికి అనుభవం ఉన్నవారికే మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. కొత్తవారికి అంతకు రెట్టింపు పట్టినా ఆశ్చర్యం లేదు.

రిపోర్టులు ప్రధానంగా నాలుగు రకాలు. రోగి ఆసుపత్రిలో చేరినప్పటి పరీక్ష వివరం, వేరే నిపుణుడి సలహా, ఆపరేషన్ నివేదిక, ఇంటికి పంపేటప్పటి డిశ్చార్జి సమ్మరీ. వీటిలో ఏ ఒక్కటీ కేవలం టైపింగ్ వేగంతో గట్టెక్కేది కాదు. ఇలియం అన్న మాటనే తీసుకోండి. చెవికి ఒకటే మాట. ఒక స్పెల్లింగుతో అది చిన్నపేగు చివరి భాగం, ఇంకో స్పెల్లింగుతో తుంటి ఎముక. కడుపునొప్పి కేసా, కింద పడి ఎముక విరిగిన కేసా అన్నది తెలిస్తే తప్ప ఏది రాయాలో తెలియదు. డిస్ఫేజియా అంటే మింగలేకపోవడం, డిస్ఫేసియా అంటే మాట పడిపోవడం. హైపర్‌టెన్షన్, హైపోటెన్షన్ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. ఫిఫ్టీన్, ఫిఫ్టీల మధ్య తేడా ఒక్క ముక్కుశబ్దం. సెలెబ్రెక్స్ కీళ్లనొప్పుల మందు, సెలెక్సా మానసిక కుంగుబాటు మందు. ఇలాంటి చోట సందేహం వస్తే ఊహించి రాయకూడదు, ఖాళీ వదిలి గుర్తు పెట్టాలి. మంచి ట్రాన్స్‌క్రిప్షనిస్టును పోల్చుకునేది అక్కడే.

ఊహించి రాసినా, సరిచూడకుండా పంపినా ఏమవుతుందో చెప్పే ఉదంతం అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉంది. 2008లో అక్కడ ఒక మధుమేహ రోగి ఆసుపత్రి నుంచి పునరావాస కేంద్రానికి మారింది. ఆమె డిశ్చార్జి సమ్మరీ టైపింగ్ పని చేతులు మారి మారి ఇండియాకు చేరింది. ఇన్సులిన్ 8 యూనిట్లు అని ఉండాల్సిన చోట 80 అని పడింది. ఆ కాగితం ఆధారంగానే మందు ఇచ్చారు. ఆమె చనిపోయింది. 2012 డిసెంబరులో జ్యూరీ 14 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. ఒక్క సున్నా. ఆ సున్నాను చివరిదాకా ఎవరూ ఆపలేదు. టైపు చేసినవారూ, నాణ్యత చూడాల్సినవారూ, పని బయటికి ఇచ్చినవారూ అందరూ ఆ గొలుసులో ఉన్నారు. ఈ పనిలోకి దిగే పద్దెనిమిదేళ్ల పిల్లకు ఈ సంగతి కోర్సు మొదటి రోజే చెప్పాలి. భయపెట్టడానికి కాదు. తన కీబోర్డు అవతల ఒక మనిషి మంచం మీద ఉన్నారని తెలియడానికి.

ఈ పని ఇండియాకు వచ్చిన కథ కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో డాక్టర్లు డిక్టేషన్ చెప్పడం, స్టెనోలు, టైపిస్టులు రాయడం చాలా పాత పద్ధతి. 1978లో ఈ వృత్తివారు జాతీయ సంఘం కూడా పెట్టుకున్నారు. 1990లలో శాటిలైట్, ఇంటర్నెట్ లింకులు రావడంతో అమెరికాలో రాత్రి పడేసరికి ఫైళ్లు ఇండియాకు చేరడం, అమెరికాలో తెల్లవారేలోగా రిపోర్టులు తిరిగి వెళ్లడం సాధ్యమైంది. పగలూ రాత్రీ తారుమారు కావడమే వ్యాపారమైంది. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ ఈ పనికి కేంద్రాలయ్యాయి. 1998లో హైదరాబాదులో హైటెక్ సిటీ తెరిచిన రోజుల్లో, ఇంజనీరింగ్ చదవని బి.ఎస్సీ., బి.ఏ. కుర్రాళ్లకు కంప్యూటర్ ఉద్యోగం దొరికే కొద్ది దారుల్లో ఇదొకటి. జువాలజీ చదివి ఖాళీగా ఉన్నవారికి ఆ చదువు మొదటిసారి కూడు పెట్టింది. అదే ఊపులో, పని ఇప్పించే స్తోమత లేకుండా ఫీజులు మాత్రం వసూలు చేసిన శిక్షణ సంస్థలూ పుట్టుకొచ్చాయి. కోర్సు అయ్యాక సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని కంపెనీల చుట్టూ తిరిగినవారు ఎందరో.

తరువాత మూడు దెబ్బలు తగిలాయి. మొదటిది, 2009లో అమెరికా చేసిన హైటెక్ చట్టం. రోగి వివరాలు కంప్యూటర్ రికార్డులో పెట్టే ఆసుపత్రులకు, డాక్టర్లకు ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. దాంతో డాక్టర్లు సిద్ధంగా ఉన్న ఫారాల్లో టిక్కులు పెట్టి, మిగతాది తామే టైపు చేయడం మొదలైంది. రెండోది, మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్. మొదటి ప్రతి యంత్రమే రాస్తుంది, మనిషి దాన్ని వింటూ దిద్దుతాడు. దిద్దే పనికి లైను రేటు బాగా పడిపోయింది. మూడోది ఇప్పుడు నడుస్తోంది. డాక్టరు ప్రత్యేకంగా డిక్టేషన్ చెప్పే అవసరమే లేకుండా, రోగితో మాట్లాడుతుండగానే కృత్రిమ మేధ ఆ సంభాషణ విని నోట్సు రాసి పెడుతుంది. ఈ రంగంలో పెద్ద పేరున్న న్యువాన్స్ కంపెనీని మైక్రోసాఫ్ట్ దాదాపు 1,970 కోట్ల డాలర్లకు కొనడానికి 2021లో ఒప్పందం చేసుకుని, 2022 మార్చిలో సొంతం చేసుకుంది. అంత డబ్బు ఎటు ప్రవహిస్తుందో ఉద్యోగాల రూపం అటు మారుతుంది. అమెరికా కార్మిక గణాంకాల శాఖ కూడా ఈ వృత్తిలో ఉద్యోగాలు తగ్గుతాయనే అంచనా వేస్తోంది.

మరి మనిషి అవసరం తీరిపోయినట్టేనా? లేదు. ఇది ఊరడింపు కోసం అంటున్న మాట కాదు, దీనికి లెక్కలున్నాయి. అమెరికాలో 217 డిక్టేషన్ రిపోర్టులను పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో ప్రముఖ వైద్య పత్రికలో వచ్చింది. యంత్రం రాసిన మొదటి ప్రతిలో ప్రతి వంద మాటలకు 7.4 తప్పులున్నాయి. ట్రాన్స్‌క్రిప్షనిస్టు దిద్దాక అవి 0.4కు తగ్గాయి. డాక్టరు చూసి సంతకం పెట్టాక 0.3. అంటే తప్పుల్లో దాదాపు అన్నీ పోయింది ట్రాన్స్‌క్రిప్షనిస్టు చేతిలోనే. ఆ తరువాత యంత్రాలు బాగా మెరుగుపడ్డాయి, నిజమే. కానీ 2024లో విస్పర్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించిన పరిశోధకులకు వేరే జబ్బు కనిపించింది. సుమారు నూటికి ఒక ఆడియో ముక్కలో అది ఎవరూ అనని వాక్యాలను సొంతంగా కల్పించి చేర్చింది. పాత తప్పు స్పెల్లింగులో దొరికిపోయేది. ఈ కొత్త తప్పు చక్కటి ఇంగ్లీషులో, చదవడానికి హాయిగా ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే వైద్యం భాష తెలిసిన చెవి కావాలి.

అయితే చెవి అవసరం ఉండటం వేరు, ఆ చెవికి తగిన జీతం రావడం వేరు.

మలేషియా సంగతి మరీ ప్రత్యేకం. ఇక్కడ డాక్టరు చెప్పడం, ఇంకొకరు టైపు చేయడం అన్న ఆచారం అమెరికాలో ఉన్నంతగా ఎన్నడూ లేదు. సర్కారు ఆసుపత్రుల్లో డాక్టర్లు కేసు నోట్సు తామే ఇంగ్లీషులో రాసుకుంటారు. 1996లో మల్టీమీడియా సూపర్ కారిడార్ అనే ఐ.టి. పథకం ప్రారంభించినప్పుడు వైద్యాన్ని కంప్యూటర్‌కు ఎక్కించడం అందులో పెద్ద లక్ష్యం. 1997లోనే టెలిమెడిసిన్ చట్టం వచ్చింది. 1999లో తెరిచిన సెలాయాంగ్ ఆసుపత్రి కాగితం లేని ఆసుపత్రిగా పేరు తెచ్చుకుంది. అలాంటి చోట డాక్టరే నేరుగా కంప్యూటర్‌లో నమోదు చేస్తాడు. కాబట్టి అమెరికాలో మధ్యలో వచ్చి పోయిన మెట్టును ఈ దేశం చాలావరకు ఎక్కనే లేదు. బంటింగ్ ఆసుపత్రిలోనో, క్లాంగ్ ప్రైవేటు ఆసుపత్రుల్లోనో ట్రాన్స్‌క్రిప్షనిస్ట్ అన్న పేరుతో ఉద్యోగ ప్రకటన కోసం కాచుకుని కూర్చోవడం వృథా. స్కాన్ రిపోర్టులు, ఇన్సూరెన్సుకూ, కార్మికుల సామాజిక భద్రతా సంస్థ పెర్కెసో క్లెయిముకూ ఇచ్చే మెడికల్ రిపోర్టులు తయారుచేసే సిబ్బంది ఉంటారు. ఆ పనికి ట్రాన్స్‌క్రిప్షన్ తెలిసినవారు బాగా పనికొస్తారు. కానీ ఆ కొలువు పేరు వేరు, అర్హతలు వేరు.

మిగిలింది ఇంటి నుంచి విదేశీ పని. అక్కడే లెక్క వేసి చూడాలి. ఈ వృత్తిలో చెల్లింపు లైన్ల మీద. స్పేసులతో కలిపి 65 అక్షరాలు ఒక లైను. మాట వరసకు లైనుకు 10 సెన్ ఇస్తారనుకుందాం, గంటకు 100 లైన్లు వస్తాయనుకుందాం. రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు పనిచేస్తే 2,080 రింగిట్. బాగానే ఉందనిపిస్తుంది. యంత్రం రాసింది దిద్దే పని అయితే రేటు సగమై 5 సెన్‌కు దిగిందనుకోండి. వేగం గంటకు 150 లైన్లకు పెరిగినా నెలకు 1,560 రింగిట్ దాటదు. దేశంలో 2025 నుంచి కనీస వేతనం 1,700 రింగిట్. ఉద్యోగికైతే యజమాని భవిష్య నిధి ఇ.పి.ఎఫ్.లో తన వంతు జమ చేస్తాడు. 5,000 రింగిట్ లోపు జీతానికి అది 13 శాతం. ఇంటి నుంచి లైన్ల లెక్కన చేసేవారికి ఆ వాటా ఉండదు, పెర్కెసో రక్షణ కావాలంటే తామే కట్టుకోవాలి, సెలవు రోజు సంపాదన సున్నా. పని లేని రోజు కూడా అంతే.

తోటల్లో బతికిన కుటుంబాలకు ఈ లెక్క కొత్తగా నేర్పనక్కర్లేదు. రబ్బరు పాలు ఇన్ని కిలోలు, పామ్ గెలలు ఇన్ని టన్నులు అంటూ పని కొలిచి కూలి ఇచ్చిన కాలం ఇళ్లలో ఇంకా జ్ఞాపకమే. వాన పడితే గీత లేదు, గీత లేకపోతే కూలి లేదు. నెల జీతం కోసం తోట కార్మికులు ఏళ్లతరబడి కొట్లాడారు. లైన్ల పని ఎయిర్‌కండిషన్ గదిలో చేసినా జాతి అదే. దిగుబడి తగ్గితే, రేటు పడితే, ఆ నష్టం మొత్తం పనిచేసేవారి మీదే పడుతుంది. ఈ విషయం మనవరాలికి అర్థమయ్యేలా చెప్పగలిగేది కోర్సు అమ్మేవారు కాదు, ఇంట్లో ఉన్న తాతే.

గోప్యత గురించి కూడా ఒక మాట. రోగి రిపోర్టు ఇంట్లోకి వస్తే, ఇంటి తలుపుకు ఆసుపత్రి నియమాలు వర్తిస్తాయి. మలేషియా వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2010 ప్రకారం ఆరోగ్య వివరాలు సున్నితమైన సమాచారం. 2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రి రిపోర్టుల పని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ పాకిస్తాన్‌లోని ఒక టైపిస్టు దాకా వెళ్లింది. తనకు రావాల్సిన డబ్బు రాకపోవడంతో, రోగుల ఫైళ్లు ఇంటర్నెట్‌లో పెడతానని ఆమె బెదిరించింది. ఆ బెదిరింపు తప్పే. అయితే ఆఖరి టైపిస్టుకు కూలి ఎగ్గొట్టే ఏర్పాటు కూడా అంతే తప్పు. ఎవరికోసం పనిచేస్తున్నామో తెలియని పని ఒప్పుకోకూడదనడానికి ఈ ఒక్క ఉదంతం చాలు. పని ఇచ్చేవారు ఎవరు, వారికి ఎవరు ఇచ్చారు, ఒప్పందం ఏ కంపెనీ పేరు మీద ఉందన్నది కాగితం మీద కనబడాలి.

ఇంత చెప్పాక కూడా ఈ నైపుణ్యం మీద గౌరవం తగ్గదు. ఈ చెవి, ఈ శ్రద్ధ, మందుల పేర్ల మీద ఈ పట్టు ఉన్నవారికి ఆసుపత్రిలో వేరే కుర్చీలున్నాయి. వాటిలో ముఖ్యమైనది వైద్య రికార్డుల విభాగం, దానికి అనుబంధంగా క్లినికల్ కోడింగ్. కోడింగ్ చేసేవారు కేసు మొత్తం చదివి, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన జబ్బుల పట్టికలోని సంకేతాలు వేస్తారు. ఐ.సి.డి.-10లో టైపు 2 మధుమేహం ఇ11, మామూలు అధిక రక్తపోటు ఐ10. చెప్పడానికి తేలిక. కానీ మధుమేహం వల్ల మూత్రపిండం చెడిందా, లేక రెండూ విడివిడిగా ఉన్నాయా అన్నది డాక్టరు రాసిన వాక్యంలోంచి తేల్చాలి, అప్పుడు సంకేతం మారుతుంది. మలేషియా సర్కారు ఆసుపత్రుల్లో కేసుల వర్గీకరణకు, ఖర్చు లెక్కలకు ఈ సంకేతాలే ఆధారం. హైదరాబాదులో ఒకప్పుడు ట్రాన్స్‌క్రిప్షన్ చేసిన చాలామంది అమెరికా పని కోసం కోడింగ్ వైపు మళ్లారు. అమెరికా 2015 అక్టోబరు 1న తన సొంత ఐ.సి.డి.-10 పట్టికకు మారడం ఆ గిరాకీని పెంచింది. కోడింగ్‌లోకీ యంత్రం వస్తోంది, అది దాచనక్కర్లేదు. అయినా అక్కడ తీర్పు చెప్పాల్సిన చోట్లు ఎక్కువ కనుక మనిషి చోటు కొంత గట్టిది.

బంటింగ్ పిల్లలకు ఇంకొక బలం ఉంది. ఔట్‌పేషెంట్ గదిలో ఒక వృద్ధురాలు మలయ్‌తో మొదలుపెట్టి, కూతురు వైపు తిరిగి తెలుగులో అసలు బాధ చెప్పి, నర్సుతో తమిళంలో ముగిస్తుంది. డాక్టరు అంతా విని ఇంగ్లీషులో రాసుకుంటాడు. ఆ గదిలో యంత్రం నోట్సు రాయడం మొదలైన రోజున, అది నాలుగు భాషల కలగలుపును సరిగా విన్నదా లేదా అని చెప్పగలిగేవారు కాలిఫోర్నియాలో దొరకరు. ఇక్కడే, కువాలా లంగాట్‌లోనే ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మలయ్, ఇంగ్లీషు నేర్చిన పిల్ల వైద్యం మాటలు కూడా నేర్చుకుంటే ఆమెకు ఆసుపత్రిలో విలువ ఉంటుంది. ఆ విలువకు డిప్లొమా కూడా తోడవ్వాలి. నర్సింగ్, మెడికల్ అసిస్టెంట్, వైద్య రికార్డులు, ఆరోగ్య సమాచార నిర్వహణ, వీటిలో ఏది అందుబాటులో ఉంటే అది ముందు. ట్రాన్స్‌క్రిప్షన్ దాని పక్కన నేర్చుకునే విద్య.

దీన్నే ప్రధాన వృత్తిగా ఎంచుకోదగినవారు లేకపోలేదు. నర్సుగానో, ల్యాబులోనో పనిచేసి పిల్లల కోసమో, పెద్దల సేవ కోసమో ఇంటికి పరిమితమైనవారికి వైద్య పరిజ్ఞానం ముందే ఉంది. కొద్ది గంటల పని వారికి నిజంగా మేలు. చూపు లేనివారికీ ఇది తగిన పని. స్క్రీన్ రీడర్ సాయంతో రిపోర్టులు తయారుచేసి గౌరవంగా బతికినవారు అమెరికాలో ఎందరో ఉన్నారు. మన దేశంలో బ్రిక్‌ఫీల్డ్స్ కేంద్రంగా 1951 నుంచి అంధుల కోసం పనిచేస్తున్న మలేషియా అంధుల సంఘం లాంటి చోట్ల దీని గురించి అడిగి చూడవచ్చు.

కోర్సు మీద మనసు పడినవారు డబ్బు కట్టేముందు ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టుకోవాలి. ఇంటర్నెట్‌లో డాక్టర్లు ఇంగ్లీషులో కేసు వివరించే వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. అందులో పది నిమిషాలు తీసుకుని, బొమ్మ చూడకుండా, విన్నది విన్నట్టు టైపు చేయాలి. తెలియని మాట దగ్గర ఖాళీ వదలాలి. ఆ తరువాత నిఘంటువు పట్టుకుని ఆ ఖాళీలు పూరించాలి. ఆ వెతుకులాట హుషారుగా సాగితే ఈ రంగం సరిపడుతుంది. గంటలో విసుగు పుడితే, అదే విసుగు ఏళ్లపాటు ఉంటుందని గ్రహించాలి. వేళ్లు, మెడ, చెవులు రోజూ ఎనిమిది గంటలు ఓర్చుకోవాలన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తరువాత సంస్థను అడగాలి. కోర్సుకు మలేషియా అర్హతల సంస్థ ఎం.క్యూ.ఏ. గుర్తింపు ఉందా? లేకపోతే పి.టి.పి.టి.ఎన్. విద్యా రుణం రాదు, ఆ సర్టిఫికెట్ సర్కారు కొలువుకు పనికిరాదు. కిందటేడు చదివినవారిలో ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారు, వారితో ఫోనులో మాట్లాడనిస్తారా? నిజమైన డాక్టర్ల గొంతులు ఎన్ని గంటలు వినిపిస్తారు, లేక స్టూడియోలో తీరిగ్గా చదివించిన పాఠాలా? యంత్రం రాసిన ప్రతిని దిద్దడం నేర్పుతారా? దీనికి జవాబు లేదంటే ఆ కోర్సు ఇరవై ఏళ్ల కిందటిదే. పని ఇప్పిస్తామంటూ ముందే డిపాజిట్ అడిగితే మాత్రం ఇంకేమీ అడగనక్కర్లేదు, లేచి వచ్చేయడమే.

కాబట్టి తీర్పు ఇది. ఎస్.పి.ఎం. కాగానే వేల రింగిట్ కట్టి, కేవలం మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ మీదే జీవితం కట్టుకోవడం బంటింగ్ యువతకు ఈ రోజున మంచి ఎంపిక కాదు. వైద్యరంగంలో ఒక డిప్లొమా చేస్తూనో, ఆసుపత్రిలో ఏదో ఒక పనిలో ఉంటూనో దాన్ని రెండో విద్యగా నేర్చుకోవడం మంచి ఎంపికే. తల్లిదండ్రులకు విన్నపం ఒక్కటే. ప్రకటనలోని నంబరుకు ఫోను చేసేముందు, పిల్లను వెంటబెట్టుకుని దగ్గరలోని ఆసుపత్రి వైద్య రికార్డుల విభాగానికి ఒక ఉదయం వెళ్లండి. అక్కడ ఎవరు ఏ చదువుతో ఏ పని చేస్తున్నారో, ఎంత జీతం మీద చేరారో అడిగి తెలుసుకోండి. ఫీజు సంగతి ఆ తరువాత ఆలోచించవచ్చు.